"మేడమ్, ఒక మాట చెప్పాలి"

[దృశ్యం: రాత్రి 10 గంటలు. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ ఆఫీసు గది. తలుపు దగ్గర ఒక అమ్మాయి.]

అమ్మాయి: మేడమ్, ఒక మాట చెప్పాలి. ఎవరికీ చెప్పనంటేనే...

వాయిస్: వార్డెన్లూ, ఆమె చెప్పబోయేది లైంగిక వేధింపుల గురించి కావచ్చు. "చెప్పనులేమ్మా" అని నోరు జారకండి. ఆ అమ్మాయికి 17 ఏళ్లే అయితే? మొదటి సంవత్సరంలో అలాంటి పిల్లలుంటారు. 18 నిండని వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. దాచడమే నేరం. నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వండి.

వార్డెన్: కూర్చోమ్మా. తప్పనిసరిగా చెప్పాల్సిన వాళ్లకి తప్ప ఎవరికీ చెప్పను. అలా చెప్పాల్సి వచ్చినా, ముందు నీకు చెప్పాకే.

వాయిస్: ఇక వినండి. ముందుది వెనక, వెనకది ముందు చెప్పొచ్చు. ఏడవకపోవచ్చు, నవ్వనూ వచ్చు. అంతమాత్రాన అబద్ధమని కాదు. "అంత రాత్రి అక్కడికెందుకెళ్లావు?" అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది. మింగేయండి. విచారణ చేయాల్సింది యూనివర్సిటీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీ, మనం కాదు.

[దృశ్యం: వార్డెన్ చెయ్యి ఫోన్ వైపు వెళ్లి ఆగుతుంది.]

వాయిస్: హాస్టల్లో ఏం జరిగినా ముందు ఇంటికి ఫోన్ కొట్టడం మనకు అలవాటు. మంచికే చేస్తాం. కానీ ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని, సంబంధాలు చూసేస్తారని ఆ పిల్ల టెన్షన్. ఈ ఒక్క ఫోన్‌కి భయపడే చాలామంది నోరు విప్పరు. 18 నిండిన అమ్మాయైతే అడగకుండా చేయొద్దు. "ఎవరు తోడుంటే నీకు ధైర్యంగా ఉంటుంది?" అని అడగండి. అమ్మే కానక్కర్లేదు, పిన్ని కావచ్చు, స్నేహితురాలు కావచ్చు.

అత్యాచారమైతే ఆసుపత్రికి తోడు వెళ్తానని చెప్పండి. ప్రభుత్వాసుపత్రైనా, ప్రైవేటైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. పోలీసులకు ఆసుపత్రి వాళ్లు సమాచారం ఇస్తారన్నదీ ముందే చెప్పండి. బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టమనండి. స్నానం చేసేసిందా? "ఫర్వాలేదమ్మా, అయినా వెళ్లొచ్చు" అనండి.

కమిటీకి ఫిర్యాదు చేయడానికి 3 నెలల గడువుంది, సరైన కారణముంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. 2015 నాటి యూజీసీ నిబంధనల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆరోపణ పీహెచ్‌డీ గైడ్ మీదే అయితే, విచారణ నడుస్తుండగా ఆమె పనికి ఆయన మార్కులు వేయకుండా ఆపమని కమిటీని కోరవచ్చు. పీహెచ్‌డీ పోతుందని నోరు మూసుకున్న అమ్మాయికి ఇది ఎంత పెద్ద భరోసానో! తప్పకుండా చెప్పండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, బాధిత మహిళలకు ఒకేచోట సాయం అందించే సఖి కేంద్రం అడ్రసు కూడా రాసివ్వండి. ఏది ఎంచుకోవాలో ఆమె ఇష్టం.

అమ్మాయి: ఆసుపత్రికి వెళ్దాం మేడమ్. మీరూ వస్తారా?

[దృశ్యం: గేటు దగ్గర అవుట్ రిజిస్టర్. 'కారణం' గడిలో వార్డెన్ రాస్తుంది: "నాతో వస్తోంది". ఇద్దరూ గేటు దాటుతారు.]