వంతెన కింద ఆగిన పడవ

సభకు నమస్కారం. పెద్దల పేర్లు ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు, నేను మళ్ళీ చెప్పను.

కాటన్ దొర జయంతి అంటే ధవళేశ్వరం ఆనకట్ట గురించే చెప్పుకుంటాం. 1852లో అది పూర్తయ్యాక డెల్టా పండింది. కానీ ఆయన కాలవలు తవ్వించింది చేలకే కాదు, పడవలకి కూడా. పడవని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దింపే లాకులు అందుకే కట్టించాడు. దేశమంతా పడవదారులు వేయమని ఆయన మొత్తుకుంటే, ఖజానా రైళ్ళవైపే మొగ్గింది. రైలు కంపెనీల పెట్టుబడికి నూటికి 5 చొప్పున వడ్డీ ప్రభుత్వమే గ్యారంటీ ఇచ్చింది. లాభం తక్కువైతే ఆ లోటు జనం పన్నుల్లోంచి పూడ్చారు.

మా నాన్న సరంగు, సరుకు పడవ నడిపేవాడు. ఇలా మే నెలలో కాలవలకి నీళ్ళు ఆపేసినప్పుడే ఇంటిపట్టున ఉండేవాడు. ఓ ఏడు మా కాలవమీద కొత్త వంతెన వేశారు. ధాన్యం బస్తాలతో వచ్చేసరికి పడవ దాని కింద పట్టలేదు. పైవరస బస్తాలు గట్టుమీదికి దింపి, పడవని అవతలికి లాగి, మళ్ళీ ఎక్కించాం. వంగి గెడ వేస్తుంటే నాన్న వీపు కాంక్రీటుకి గీసుకుపోయింది. సరిగ్గా అప్పుడే మా నెత్తిమీద లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

మరుసటి పంటకి షావుకారు లారీ పెట్టాడు. "లారీ చవక సరంగూ" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన కట్టే కిరాయి అంతే. మరి ఆ రోడ్డు ఖర్చు ఎవరి ఖాతాలో ఉంది? మిల్లు యజమానులు ఇక్కడే కూర్చున్నారు, మీరే చెప్పండి! అగ్గిపెట్టె మీదా కిరసనాయిలు మీదా మా నాన్న కట్టిన పన్ను కూడా అందులో ఉంది కదా. లారీలు టాక్సు కట్టట్లేదా అంటారు. కడతాయి. కానీ ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డు దెబ్బతినడం సుమారు 16 రెట్లవుతుందని ఇంజనీర్ల లెక్క. ఆ గుంతలు ఎవరి డబ్బుతో పూడుస్తున్నాం?

రోడ్డు వద్దనను. మా అమ్మని ఆసుపత్రికి చేర్చింది ఆ రోడ్డే. కానీ సర్కారు డబ్బు ఎటు పోస్తే సరుకు అటు పోతుంది, బజారు కూడా అటే లేచిపోతుంది. పాత మిల్లులు కాలవ రేవుకి ముఖం పెట్టి ఉన్నాయి, కొత్తవి రోడ్డుకి. రావులపాలెం అరటి గెలలు హైవే మీదే పోతున్నాయి. కాలవలో గుర్రపుడెక్క పెరుగుతోంది. దాన్ని చూసి పడవలకి కాలం చెల్లిందంటున్నాం. పూడిక తీయడానికి ఏటా ఎంత ఇచ్చాం, రోడ్డుకి ఎంత ఇచ్చాం, రెండూ పక్కపక్కన పెట్టి ఎవరైనా చూపించారా?

2008లో కాకినాడ కాలవని జాతీయ జలమార్గం-4లో చేర్చారు. ఈ సభలో ఇంజనీర్లు ఉన్నారు. బాబూ, మిమ్మల్నే అడుగుతున్నాను. రేపు మన కాలవమీద వంతెనకి డ్రాయింగ్ గీసేటప్పుడు, నిండుకాలవ నీటిమట్టం నుంచి పైకి ఎన్ని అడుగులు వదులుతున్నారో ఈ ఊరికి ముందే చెప్పండి.