ముప్పావు అంగుళం ఎటు పోయింది? 25 ఎంఎం బెండింగ్ స్ప్రింగ్ రివ్యూ

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్నది పీవీసీ కరెంటు పైపు వంచే స్ప్రింగ్. 25 ఎంఎం. మేడ మీద గదికి సర్ఫేస్ వైరింగ్ చేసుకుంటూ వారం నుంచి దీన్నే వాడుతున్నా.

ఈ గోడ చూడండి. పిల్లర్ 3 అంగుళాలు ముందుకొచ్చింది, జంక్షన్ బాక్సు దాని మీదే. ఇక్కడ రెండు ఎల్బోలు పెడితే పైపు పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ తర్వాత వైరు లాగేటప్పుడు భుజాలు పడిపోతాయి. అందుకే ఆఫ్‌సెట్ కొట్టా, అంటే పైపునే రెండు చోట్ల ఎదురెదురుగా వంచి పిల్లర్ మీదికి ఎక్కించా.

లెక్క తేలికే. 30 డిగ్రీలకి వంచితే, ఎంత ఎత్తు ఎక్కాలో దానికి రెట్టింపు దూరంలో రెండు మార్కులు. 3 అంగుళాలకి 6. 45 డిగ్రీలైతే 1.4తో హెచ్చవేయాలి, నాకంత ఓపిక లేదు. మొదటిసారి ఇంతే చూసుకుని, గోడ మీద కొలిచినంతా కోసి వంచా. బాక్సుకి ముప్పావు అంగుళం అందలేదు! పైపు ఏటవాలుగా ఎక్కితే పొడవు తగ్గుతుంది కదా. 30 డిగ్రీలకి, ఎక్కే ప్రతి అంగుళానికీ పావు అంగుళం పోతుంది. పిల్లర్ వరకు కొలిచిన దూరానికి ఆ ముప్పావు కలిపి మొదటి మార్కు పెట్టి, రెండోది అక్కణ్ణుంచి 6 అంగుళాలు వెనక్కి పెట్టాలి.

ఇప్పుడు వంచుదాం. స్ప్రింగ్‌ని పైపులోకి దూర్చాక, దాని మధ్య భాగం సరిగ్గా మార్కు కిందికి రావాలి. మోకాలికి ఆనించి నెమ్మదిగా... కావలసినదానికంటే కాస్త ఎక్కువే వంచండి, వదలగానే కొంచెం వెనక్కి వస్తుంది. పైపు మీద పొడుగునా అచ్చేసిన అక్షరాలున్నాయి చూశారా? మొదటి వంపుకి అవి నా వైపున్నాయి. పైపుని సగం తిప్పితే అవతలి వైపుకి పోవాలి, అప్పుడే రెండో వంపు. ఏమాత్రం పక్కకి తిరిగినా పైపు గోడకి ఆనదు, మెలి తిరిగిపోతుంది. నాది ఒకటి అలాగే చెత్తలోకి పోయింది.

ఇక స్ప్రింగ్ సంగతి. లైట్, మీడియం, హెవీ ఏ పైపైనా బయటి కొలత 25 ఎంఎమ్మే. మందం పెరిగేకొద్దీ లోపలి బొక్క చిన్నదవుతుంది. నా స్ప్రింగ్ మీడియం పైపులో చక్కగా కూర్చుంది. లైట్ పైపులో వదులై వంపు లోపలివైపు నొక్కుకుపోయింది. హెవీ పైపులో బలవంతాన దూర్చా, ఇరుక్కుంది. స్ప్రింగ్‌కి కట్టిన తాడు లాగితే అది తెగింది. చివరికి పైపే కోశా. తప్పు నాదేలెండి, మెలి తిప్పుతూ లాగాల్సింది, అప్పుడు స్ప్రింగ్ సన్నబడి జారుతుంది.

మీడియం పైపు వాడేవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. షాపుకెళ్లేటప్పుడు మాత్రం మీ పైపు ముక్క జానెడు పట్టుకెళ్లి, అందులో దూర్చి చూసే డబ్బులివ్వండి.