కాళ్లలో సత్తువ తగ్గితే

అందరికీ నమస్కారం. పిల్లల ఉద్యోగాల కోసం గుంటూరు నుంచో అనంతపురం నుంచో బెంగళూరు వచ్చేసిన పెద్దవాళ్లే ఈ హాల్లో ఎక్కువ. మీలో చాలామంది రాత్రి అన్నం తిన్నాక అటోర్వాస్టాటినో రోసువాస్టాటినో ఒక మాత్ర వేసుకుంటారు. కొలెస్ట్రాల్ బిళ్ల అంటాం, ఈ రకం మందుల పేరు స్టాటిన్లు. నేను డాక్టర్ని కాను, కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా అక్క పడిన అవస్థ దగ్గరుండి చూశాను కాబట్టి మాట్లాడుతున్నాను.

అక్క మూడేళ్లు ఆ మాత్ర వాడింది, ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు జడ వేసుకుంటుంటే చేతులు పైన నిలవలేదు. ఒళ్లో పెట్టుకుని, కాసేపాగి మళ్లీ ఎత్తింది. తర్వాత్తర్వాత పూజ పీట మీంచి లేవాలంటే గుమ్మం పట్టుకునేది. సిటీ బస్సు ఎక్కేటప్పుడు కుడికాలిని చేత్తో ఎత్తి మెట్టు మీద పెట్టుకోవడం చూసి, "నొప్పిగా ఉందా అక్కా?" అన్నాను. "నొప్పి లేదే, సత్తువ లేదు" అంది.

రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వచ్చాయి. లివర్ అన్నారు. రెండు నెలలు పథ్యం, స్కానింగులు. ఆ రెండు ఎంజైములూ కండరాల్లో కూడా ఉంటాయి. నేనే ఏటా క్లాసులో చెప్పిన పాఠం అది, అక్క దగ్గరకొచ్చేసరికి నాకు తట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. చివరికి ఒక డాక్టరుగారు సీకే పరీక్ష రాశారు. సీకే అంటే క్రియాటిన్ కైనేజ్, కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైము. ఇంచుమించు 200 లోపు ఉండాల్సింది 8000 దాటింది. మాత్ర వెంటనే ఆపేశారు. మామూలుగా స్టాటిన్‌తో వచ్చే ఒళ్లు నొప్పులు ఆపిన కొన్ని వారాల్లో తగ్గుతాయి. అక్కకు నీరసం ఇంకా పెరిగింది.

ఎందుకంటే, ఒంట్లో కొలెస్ట్రాల్ తయారు కావడానికి హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము కావాలి. స్టాటిన్ దాని పనికి అడ్డుపడుతుంది. అడ్డుపడేకొద్దీ కణాలు ఆ ఎంజైమును ఇంకా ఎక్కువ తయారు చేస్తాయి. ఎక్కడో ఒకరిద్దరిలో రోగనిరోధక శక్తి ఆ ఎంజైమునే శత్రువనుకుని యాంటీబాడీలు, అంటే దాన్ని పట్టుకునే ప్రొటీన్లు, పుట్టిస్తుంది, కండరాల మీద దాడికి దిగుతుంది. 2011లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆండ్రూ మామెన్ బృందం ఈ సంగతి బయటపెట్టింది. దెబ్బతిన్న కండరం మళ్లీ పెరిగేటప్పుడు కొత్త పోగుల్లో ఈ ఎంజైము ఎక్కువగా ఉంటుంది. అందుకే మాత్ర మానేసినా దాడి ఆగదని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. అక్క రక్తంలో ఆ యాంటీబాడీ దొరికింది. ఆ దాడిని అణచడానికి స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ మాత్రలు, ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ డ్రిప్. ఏడాదిన్నర పట్టింది. నడుస్తోంది, జడ వేసుకుంటోంది. పీట మీద మాత్రం ఇంకా కూర్చోలేదు, కుర్చీలోనే పూజ.

ఇది విని ఎవరూ ఇంటికెళ్లి మాత్ర పారేయకండి, దండం పెడతాను. ఈ జబ్బు స్టాటిన్ వాడే లక్షమందిలో ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. గుండెపోటు, పక్షవాతం రాకుండా ఈ మందు కాపాడేవాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మాత్ర పడక మానేసిన 60 మందితో లండన్‌లో ఒక అధ్యయనం చేశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. స్టాటిన్‌తో పడ్డ బాధలో 90 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్రతోనూ పడ్డారు. అవి అబద్ధపు నొప్పులని కాదు, కారణం మాత్రం చాలావరకు మాత్ర కాదు. అక్కలాంటి వాళ్లు మళ్లీ ఏ స్టాటినూ ముట్టకూడదు. సహజమైనదంటూ అమ్మే ఎర్ర ఈస్టు బియ్యం మాత్రలు కూడా వద్దు, అందులో ఉండేది లోవాస్టాటినే. కొలెస్ట్రాల్‌కు వేరే ఇంజెక్షన్లు ఉన్నాయి.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులు లేనివాళ్లు చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీ పట్టుకోకుండా ఒక్కసారి లేవండి. మెల్లగా. పోయిన ఏడాది లేవగలిగి ఇప్పుడు లేవలేకపోతున్నవాళ్లు డాక్టరుకు "నీరసం" అని ఊరుకోకండి, "కుర్చీలోంచి లేవలేకపోతున్నాను" అని చెప్పండి. థైరాయిడ్ వల్లా, విటమిన్ డి తక్కువైనా ఇలాగే అవుతుంది. వాటితోపాటు సీకే కూడా చూడమని అడగండి.