అక్కకెందుకు ఎక్కువ పోశావు?

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో సాయంత్రం పాలు తాగే వేళకి రోజూ ఏదో ఒక పంచాయితీ ఉంటుంది. మనవడికి నాలుగేళ్లు, మనవరాలికి ఎనిమిది. ఒకరోజు అక్కకి సన్నగా పొడుగ్గా ఉన్న గాజు గ్లాసులో, తమ్ముడికి వెడల్పాటి స్టీలు గ్లాసులో పాలు పోశాను. ఇద్దరికీ గరిటెతో కొలిచి మరీ సమానంగా పోశాను. అయినా "అక్కకెందుకు ఎక్కువ పోశావు నానమ్మా?" అని వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

వాడి కళ్లముందే అక్క పాలు అలాంటిదే ఇంకో స్టీలు గ్లాసులోకి వంపాను. "ఇప్పుడు?" అన్నాను. "ఇద్దరికీ ఒకటే" అన్నాడు. మళ్లీ గాజు గ్లాసులో పోశాను. "అదిగో, అక్కకే ఎక్కువ!"

"ఒరేయ్, అవే పాలురా. మళ్లీ ఇందులో పోస్తే ఇంతే అవుతాయి" అంది అక్క.

వాడు మొండికేశాడని అప్పుడు ఎవరైనా అనుకుంటారు. కాదండీ. ఆ వయసులో కళ్లకి ఎత్తు కనబడితే వెడల్పు లెక్కలోకి రాదు. రెండింటినీ కలిపి చూడటం ఇంకా రాలేదు. అక్కేమో జరిగిన పనిని మనసులోనే వెనక్కి తిప్పి చూడగలుగుతోంది. సుమారు ఏడేళ్ల ప్రాంతంలో వచ్చే మార్పు ఇది.

ఈ గ్లాసుల పరీక్ష, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే గారిది. ఆయన 1896లో స్విట్జర్లాండ్‌లో పుట్టారు. యువకుడిగా పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షల మీద పనిచేస్తున్నప్పుడు ఆయన దృష్టి తప్పు జవాబుల మీద పడింది. ఒక వయసు పిల్లలు చాలావరకు ఒకే రకం తప్పు చేస్తున్నారు. అంటే ఆ తప్పు వెనక ఒక ఆలోచన ఉందన్నమాట. తర్వాత తన ముగ్గురు పిల్లల్నీ పసితనం నుంచే దగ్గర కూర్చుని గమనిస్తూ రాసుకున్నారు.

ఆయన పసివాళ్లతో చేసి చూసిన ఇంకో పరీక్ష ఉంది. పసిపాప ముందు గిలక్కాయ పెట్టి, దాని మీద గుడ్డ కప్పండి. ఐదారు నెలల పాప చాలాసార్లు చూపు తిప్పేసుకుంటుంది. ఎనిమిది తొమ్మిది నెలలకి గుడ్డ లాగేసి గిలక్కాయ అందుకుంటుంది. కనబడకపోయినా వస్తువు అక్కడే ఉంటుందన్న ఎరుక అది. మన దోబూచులాటలో పాప కిలకిలా నవ్వడానికి ఒక కారణం ఇదే కావచ్చు. అయితే పియాజే పసివాళ్లని కొంచెం తక్కువ అంచనా వేశారు. చేత్తో వెతకలేని వయసులోనే దాచిన వస్తువు గురించి వాళ్లకి కొంత తెలుసని, వాళ్ల చూపులని గమనించిన పరిశోధకులు 1980ల్లో చూపించారు. కాబట్టి ఈ నెలలూ ఏళ్లూ పట్టుకుని "మా పాపకి ఇంకా రాలేదే" అని టెన్షన్ పడకండి. ఒక్కొక్కరికీ అటూ ఇటూ అవుతుంది.

పన్నెండేళ్ల ప్రాంతంలో ఇంకో మలుపు మొదలవుతుంది. దారానికి బరువు కట్టి ఊపి, "ఇది త్వరత్వరగా ఊగాలంటే ఏం మార్చాలి?" అని అడగండి. ఎనిమిదేళ్ల పిల్ల దారమూ బరువూ ఒకేసారి మార్చేసి, ఏది పనిచేసిందో చెప్పలేకపోతుంది. పద్నాలుగేళ్లవాడు బరువు అలాగే ఉంచి దారం ఒక్కటే మార్చి చూడొచ్చు. దారం పొట్టిదైతేనే త్వరగా ఊగుతుందని తేల్చుకోవచ్చు. "ఇలా కాకపోతే ఎలా ఉంటుంది?" అని ఊహించి చూసే శక్తి అది. ఆ శక్తితోనే వాడు ఇంట్లో మన రూల్సుని కూడా ప్రశ్నిస్తాడు. ఎదురు చెబుతున్నాడని చాలామంది బాధపడతారు. నాకైతే ఆ వాదన వినాలనే ఉంటుంది.

నా పిల్లలు చిన్నప్పుడు తప్పు చెబితే వెంటనే దిద్దేసేదాన్ని. వాళ్లు ఏమనుకుని అలా చెప్పారో నాకు తెలియకుండానే పోయింది. ఇప్పుడు మాత్రం అడుగుతున్నాను.

మొన్న రాత్రి బండి మీద వస్తుంటే మనవడు "నానమ్మా, చందమామ మనతోనే వస్తున్నాడు" అన్నాడు. "ఎందుకు వస్తున్నాడు నాన్నా?" అన్నాను. కాసేపు ఆలోచించాడు.

"ఈ రోడ్డు మీద లైట్లు లేవుగా. మనకి దారి కనబడాలని."