అండమాన్ వెళ్లారు సరే, నికోబార్ ఎప్పుడు వెళ్లారు?

నమస్తే అండీ. మొన్న ఒక పెళ్లిలో బంతిలో కూర్చున్నాం. నా పక్కాయన పప్పు కలుపుకుంటూ "దసరా సెలవులకి అండమాన్ నికోబార్ చూసొచ్చామండీ, ఐదు రోజుల ప్యాకేజీ" అన్నారు. నా నోరు ఊరుకోదు కదా, "నికోబార్‌లో ఏం చూశారండీ?" అని అడిగాను. ఆయన ఎడమ చేత్తో ఫోన్ తీసి సెల్యులార్ జైలు చూపించారు, హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ చూపించారు, చివరికి నీళ్లలో చేపల మధ్య వాళ్లబ్బాయి ఫొటో పెట్టి "ఇదిగో, ఇదే నికోబార్" అన్నారు. కాదండీ బాబూ, అదీ అండమానే. నికోబార్ వెళ్లాలంటే ఇంకా దక్షిణానికి సముద్రం దాటాలి, పైగా అక్కడ చాలా దీవులకి మామూలు టూరిస్టులను పోనివ్వరు. ప్యాకేజీ కాగితం మీద "అండమాన్ నికోబార్ 5 రోజులు" అని రాస్తారు, సగం పేరు ఊరికే వేస్తారు.

పెళ్లిలో గొడవెందుకని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

(తెర మీద బంగాళాఖాతం పటం)

తప్పు ఆయనది కాదులెండి, బడిలో మనం గీసిన పటానిది. దేశమంతా జాగ్రత్తగా గీసి, కింద కుడి మూలన పెన్సిల్ విదిలిస్తే పడినట్టు నాలుగు చుక్కలు పెట్టేవాళ్లం, రెండు మార్కులు వచ్చేవి. ఆ నాలుగు చుక్కలు పైనుంచి కిందికి 750 కిలోమీటర్లకు పైనే ఉంటాయి. అంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా రోడ్డు మీద పోయినంత. పైన కొస నుంచి మయన్మార్ తీరం సుమారు 280 కిలోమీటర్లు, కింద కొస ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియా సుమత్రా 200 లోపే. మన చెన్నై, విశాఖ మాత్రం పోర్ట్‌బ్లెయిర్ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు. విశాఖలో ఓడెక్కితే రెండు రోజుల పైనే నీళ్లు చూస్తూ కూర్చోవాలి.

మా మేనమామ అక్కడే ఉంటాడు, జంగ్లీఘాట్‌లో. చిన్నప్పుడు డిసెంబర్‌లో సాయంత్రం ఐదుంబావుకి ఫోన్ చేస్తే "ఏరా, ఇంత రాత్రప్పుడు చేశావ్?" అనేవాడు. వేళాకోళం అనుకునేవాణ్ణి. నిజంగానే అక్కడ అప్పటికి పొద్దుగూకిపోతుంది. మన గడియారమే వాడతారు గానీ సూర్యుడు మయన్మార్ టైముకి వస్తాడు, మయన్మార్ టైముకి పోతాడు.

సరే, అసలు ఈ దీవులు అక్కడికి ఎలా వచ్చాయి? దీనికి నా దగ్గర ఒక గేదె ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నం ఊరి చెరువులో గేదె పడుకుని ఉంటుంది కదా. పైకి ఏం కనిపిస్తుంది? రెండు కొమ్ములు, కాస్త నుదురు, కొంచెం నీళ్లు, తర్వాత వీపు మీద గుట్ట, మళ్లీ నీళ్లు, ఆఖర్న నడుం ఎముకలు. గేదెను ఎప్పుడూ చూడని పిల్లాడైతే నాలుగైదు నల్లరాళ్లు అనుకుంటాడు. లెక్కపెడతాడు కూడా. మనమూ అదే చేస్తున్నాం, 836 దీవులు, దిబ్బలు, రాళ్లు అని లెక్క రాసుకున్నాం. వాటిలో మనుషులు ఉండేవి 30 చిల్లర. కింద ఉన్నది మాత్రం ఒకటే గేదె. మయన్మార్‌లో అరకాన్ కొండలు ఉన్నాయి కదా, అవే దక్షిణంగా సముద్రంలోకి దిగి, మునిగి తేలుతూ సుమత్రా వైపు పోతాయి. మునగని ముక్కలే మన దీవులు. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ 732 మీటర్లు, అదే అన్నిటికన్నా ఎత్తైన గుట్ట. చిట్టచివర గ్రేట్ నికోబార్‌లో మౌంట్ థూలియర్ 642 మీటర్లు. కొమ్ములేమో కోకో దీవులు, అవి మయన్మార్‌వి. ఒకే గేదె, కొమ్ములు పక్క దేశానివి, ఒళ్లు మనది.

ఈ గేదె ఎందుకు లేచిందంటే, మన దేశాన్ని మోసే భూమి పైపొర పలక, అంటే భారత ఫలకం, తూర్పు వైపు పక్క ఫలకం కిందికి దూరుతోంది. దూరేటప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మట్టి, ఇసుక, రాయి గీరుకుపోయి, పారతో నెట్టిన బురదలా పైకి గట్టు కట్టింది.

ఇక్కడ ఎవరో ఒకరు "మరి అగ్నిపర్వతం ఉంది కదా అన్నా" అంటారు. ఉంది. బ్యారెన్ దీవి, దేశంలో మండుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. 1787లో మండింది, తర్వాత చాలాకాలం పడుకుంది, 1991లో మళ్లీ లేచింది, అప్పట్నుంచి ఆగి ఆగి పొగ వదులుతూనే ఉంది. కానీ అది ఈ గేదె మీద లేదు! తూర్పున పక్కనే ఇంకో వరుస ఉంది. అంటే చెరువులో ఇంకో దున్నపోతు పూర్తిగా మునిగి ముక్కు మాత్రం పైకి పెట్టిందనుకోండి, ఆ ముక్కే బ్యారెన్. దాని ఉత్తరాన నార్కొండం ఉంది, చల్లారిపోయిన కొండ. అక్కడ ఉండే ఒక రకం హార్న్‌బిల్ పక్షి భూమ్మీద ఇంకెక్కడా లేదు.

ఇంకా గేదెను వదల్లేదండీ, ఎందుకంటే ఒకసారి అది నిజంగానే కదిలింది. 2004 డిసెంబర్ 26. సునామీ అందరికీ గుర్తుంది, నేల సంగతి చాలామందికి తెలీదు. సుమత్రా దగ్గర మొదలైన చీలిక 1,300 కిలోమీటర్ల దాకా ఉత్తరానికి పాకింది. గేదె తల ఎత్తింది, వెనక భాగం దించింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా పైకి లేచింది. నీళ్లలో ఉండాల్సిన పగడపు దిబ్బలు బయటపడి, ఎండకి తెల్లగా చచ్చిపోయాయి. అటు గ్రేట్ నికోబార్ దక్షిణ కొస సుమారు 4 మీటర్లు కుంగింది. ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ అంతకుముందు ఒడ్డున గట్టి నేల మీద ఉండేది, ఆ తర్వాత సముద్రం దాని మొదట్లోకి వచ్చేసింది. ఎర్ర, తెలుపు చారల ఇనుప స్తంభం నీళ్లలో నిలబడి ఉన్న ఫొటో మీరు చూసే ఉంటారు. ఎవరూ దాన్ని నీళ్లలో కట్టలేదు.

ఇప్పుడు ఆ పెళ్లి పెద్దమనిషి దగ్గరికి వద్దాం. గేదె ఒకటే అన్నాను కదా. దాని వీపు మధ్యలో ఒక పెద్ద పల్లం ఉంది, టెన్ డిగ్రీ ఛానల్ అంటారు, 10 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ పేరు. దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పు. పైన అండమాన్, కింద నికోబార్. తల మీద వాలిన పిట్టలు ఒక జాతి, నడుం మీద వాలిన పిట్టలు ఇంకో జాతి. రెండిటి మధ్యా చుట్టరికం లేదు, భాష కలవదు, తిండి కలవదు.

తిండి అంటే గుర్తొచ్చింది, కొబ్బరికాయ చూడండి. నికోబార్ అంటేనే కొబ్బరి. మనిషికి కొబ్బరి, పందికి కొబ్బరి, బేరానికి కొబ్బరి. అండమాన్‌లో మాత్రం బయటివాళ్లు తెచ్చి నాటేదాకా కొబ్బరిచెట్టు లేనట్టే. అదే వాతావరణం, అదే సముద్రం. అందుకే 1991 జనవరిలో అండమాన్‌లోని నార్త్ సెంటినెల్ దీవి దగ్గరికి వెళ్లిన బృందం కొబ్బరికాయలు తీసుకెళ్లింది. ఆ బృందంలో మధుమాల ఛటోపాధ్యాయ అనే మానవశాస్త్రవేత్త ఉన్నారు. ఆ దీవిలో ఉండే సెంటినలీలు నడుంలోతు నీళ్లలోకి దిగి వచ్చి ఆ కాయలు అందుకున్నారు. బయటివాళ్లు కనిపిస్తే వాళ్లవి ఎప్పుడూ బాణాలే అని చెప్పుకుంటాం గానీ ఇదీ జరిగింది. ఆ ప్రయాణాలు 1990ల్లోనే ఆపేశారు, ఆపడమే మంచిదైంది. బయటి జలుబు వాళ్లకి చావుతో సమానం.

అండమాన్ వైపు నాలుగు జాతులు ఉన్నాయి: గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినలీలు. అందరూ వేట, చేపలు, తేనె మీద బతికినవాళ్లే. 2011 లెక్కల్లో జారవాలు 380 మంది, ఓంగీలు 101, గ్రేట్ అండమానీలు 44. సెంటినలీలు 15 అని రాశారు గానీ అది దూరం నుంచి కంటికి కనిపించిన సంఖ్య, దాన్ని జనాభా అనడమే నాకు నచ్చదు. గ్రేట్ అండమానీలు బ్రిటిష్‌వాళ్లు వచ్చేనాటికి వేలల్లో, పది తెగలుగా ఉండేవాళ్లు. ఇంగ్లిష్‌వాళ్ల తుపాకీ కంటే వాళ్ల తట్టు, సిఫిలిస్ ఎక్కువమందిని తీసుకుపోయాయి. ఆ పది తెగల్లో ఒకటైన బో భాష మాట్లాడే ఆఖరి మనిషి బోవా సీనియర్ అనే పెద్దావిడ 2010లో పోయారు. ఆ భాషలో మాట్లాడుకోవడానికి ఎదురుగా ఇంకో మనిషి లేకుండా ఆవిడ చాలా ఏళ్లు బతికారు.

వాట్సాప్‌లో "60 వేల ఏళ్లుగా అక్కడే ఉన్నారు" అని తిరుగుతుంది కదా, దాని మీద కూడా నాకు చిరాకే. దీవుల్లో తవ్విన ఆల్చిప్పల దిబ్బల వయసు రెండు వేల ఏళ్లకి కాస్త అటూ ఇటూ తేలింది. వాళ్ల మూలాలు చాలా పాతవి, అందులో సందేహం లేదు, కానీ దీవి మీద అడుగుపెట్టిన తేదీ మన చేతిలో లేదు. ఇంకోటి, "జారవాలను చూడొచ్చా అన్నా?" అని అడుగుతారు. ట్రంక్ రోడ్డు వాళ్ల అడవి మధ్య నుంచే పోతుంది, జిర్కాటాంగ్ దగ్గర బండ్లను కాన్వాయ్‌గా వదులుతారు, మధ్యలో ఆపకూడదు, ఫొటో తీస్తే నేరం. వాళ్లు జూలో లేరు. మీ ఇంటి వరండాలోంచి బస్సు పోతూ అందరూ మిమ్మల్ని ఫొటో తీస్తే ఎలా ఉంటుంది?

ఇప్పుడు పల్లం దాటండి. నికోబారీలు వేటగాళ్లు కారు. తోటలు, పందులు, పడవలు, కర్రల మీద గడ్డితో కట్టిన గుండ్రటి ఇళ్లు, తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం, భూమి దాని పేరునే ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన విషయం చౌరా దీవి కుండలు. పాత కట్టుబాటు ప్రకారం కుండ చేసే హక్కు ఆ ఒక్క చిన్న దీవిదే. చిత్రమేమిటంటే అక్కడ మట్టి లేదు! పక్కన ఉన్న తెరెస్సా దీవి నుంచి పడవ మీద మట్టి తెచ్చుకుని, చౌరా ఆడవాళ్లు కుండలు చేస్తే, మిగతా దీవులవాళ్లు వచ్చి బేరం చేసుకుని పోయేవాళ్లు. మట్టి ఉన్నవాళ్లు కుండ చేయకూడదు, కుండ చేసేవాళ్లకి మట్టి లేదు. వ్యాపారం అంటే అదీ.

వాళ్ల భాష ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం. ఖ్మేర్, ఖాసీ భాషలున్న కుటుంబమే. అదే కుటుంబంలో ఇంకో కొమ్మ మీద ఎవరున్నారో తెలుసా? మన సీతంపేట, పార్వతీపురం కొండల్లోని సవరలు. సవర భాషకి తెలుగు పొరుగు మాత్రమే, కానీ సముద్రం అవతల ఉన్న నికోబారీ దూరపు చుట్టం. ఇది నాకు తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. గ్రేట్ నికోబార్ లోపలి అడవిలో షోంపెన్‌లు వేరే, 2011లో 229 మంది, వాళ్ల భాష గురించి పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

అయ్యో, టైమ్ చూసుకోలేదు. ఎడిటింగ్ చేసే మా తమ్ముడు ఇప్పటికే చేతులు ఊపుతున్నాడు. మిగతాది గబగబా చెప్పేస్తాను.

చోళుల తంజావూరు శాసనంలో నక్కవరం అని ఉంది, నికోబార్ అదే అంటారు. నికోబార్‌ని డెన్మార్క్‌వాళ్లు వందేళ్లకు పైగా తమదన్నారు, జ్వరాలకి తట్టుకోలేక 1868లో ఇంగ్లిష్‌వాళ్లకి అమ్మేశారు. అండమాన్‌లో 1858 నుంచి ఖైదీల కాలనీ, సెల్యులార్ జైలు 1906కి పూర్తయింది, అల్లూరి వెంట నడిచిన రంప తిరుగుబాటు వాళ్లు కూడా అక్కడికి పోయారు. తర్వాత కేరళ నుంచి మాప్పిళ్ల ముస్లింలు, బర్మా నుంచి 1925లో కరెన్ తెగవాళ్లు, ఛోటానాగ్‌పూర్ నుంచి వచ్చిన కూలీలు, వాళ్లని ఇప్పటికీ రాంచీవాళ్లు అనే అంటారు, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ కాందిశీకులు. మన తెలుగువాళ్లు 2011 నాటికి వందకి 13 మంది, అంటే 50 వేల పైమాటే, ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరంనుంచి చేపల కోసం వెళ్లినవాళ్లు. మా మామయ్యలాంటోళ్లు. 2018లో హేవ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. మా మామయ్య మాత్రం ఇంకా "బ్లెయిరు" అనే అంటాడు.

ఆఖర్న గ్రేట్ నికోబార్. గలతియా అఖాతంలో పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, పట్నం, కరెంటు ప్లాంటు కడతామని 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు, సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. ఆ ఇసుకలోనే లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెడతాయి, లోపల షోంపెన్‌లు ఉన్నారు. దేశానికి రేవు కావాలనేవాళ్ల మాటా నేను విన్నాను. కానీ ఆ చోటు గేదె వెనక భాగం అండీ, 2004లో 4 మీటర్లు దిగినచోటికి కూతవేటు దూరం. అక్కడ కాంక్రీటు పోసేముందు ఆ లైట్‌హౌస్‌ని ఒకసారి చూడమంటాను. దీని మీద వేరే వీడియో చేస్తాను, ఇందులో పట్టదు.

మామయ్యకి ఫోన్ చేయాలి. ఐదున్నర అయింది, ఈపాటికి భోజనానికి కూర్చునుంటాడు.