స్నఫీని పెద్దవాళ్లు చూసిన రోజు

నమస్తే అండీ. ఇవాళ సెసమీ స్ట్రీట్ కబుర్లు. 1969 నవంబరు 10న అమెరికాలో మొదలైన ఈ పిల్లల షో ఇంకా నడుస్తూనే ఉంది. మరి ఇన్నేళ్లలో దాన్ని మార్చిందెవరు? నన్నడిగితే, చాలావరకు పిల్లలే.

ఈ షో కథంతా ఒక వీధిలో జరుగుతుంది. మొదట్లో ఆ వీధి సీన్లలో మనుషులే ఉండాలనుకున్నారు, తోలుబొమ్మల్లాంటి ఆడించే బొమ్మలు వేరే సీన్లలో. బొమ్మల్ని కలిపితే ఏది నిజమో, ఏది కల్పనో తెలియక పసివాళ్లు తికమకపడతారని నిపుణుల భయం. ముందుగా తీసిన ఎపిసోడ్లు పిల్లలకు చూపించారు. టీవీ పక్కనే ఇంకో తెర మీద స్లైడ్లు మారుస్తూ, ఎవరి చూపు ఎప్పుడు పక్కకు పోతోందో రాసుకున్నారు. బొమ్మలున్నంతసేపూ కళ్లప్పగించి చూసిన పిల్లలు, వీధి సీను రాగానే దిక్కులు చూశారట! అంతే, ఆ బొమ్మల సృష్టికర్త జిమ్ హెన్సన్ పెద్ద పక్షి బొమ్మ బిగ్ బర్డ్‌నీ, చెత్తడబ్బాలో ఉండే ఆస్కర్‌నీ వీధిలోకి దింపాడు. అన్నట్టు, మొదటి సీజన్లో ఆస్కర్‌ది ఆరెంజ్ రంగు. ఆకుపచ్చ తర్వాత వచ్చింది.

నాకు ఇష్టమైన మార్పు మాత్రం స్నఫీ అనే బొమ్మది. ఒళ్లంతా బొచ్చు, పొడుగాటి తొండం, బిగ్ బర్డ్‌కి ప్రాణ స్నేహితుడు. 1971లో వచ్చాడు. పెద్దవాళ్లు వచ్చే సమయానికి సరిగ్గా వెళ్లిపోయేవాడు. బిగ్ బర్డ్ ఎంత మొత్తుకున్నా, 'అదంతా నీ ఊహ' అనేవాళ్లు. ఏళ్ల తరబడి అదే జోకు. 80ల్లో పిల్లల మీద లైంగిక వేధింపుల వార్తలు పెరిగాయి. అప్పుడు షో చేసేవాళ్లకు గుబులు పట్టుకుంది. నిజం చెప్పినా పెద్దవాళ్లు నమ్మరని మనమే రోజూ చూపిస్తున్నాం కదా, ఇది చూసిన పిల్ల తనకు జరిగింది ఇంట్లో చెబుతుందా అని. 1985లో ఎల్మో అనే చిన్న ఎర్ర బొమ్మ స్నఫీ తొండం పట్టుకుని కదలనివ్వలేదు. పెద్దవాళ్లొచ్చి కళ్లారా చూశారు. ఇకనుంచి నీ మాట నమ్ముతామని బిగ్ బర్డ్‌కి చెప్పారు. బాగా నవ్వించే జోకుని ఇలాంటి కారణంతో వదులుకున్న షోలు ఎన్నున్నాయి చెప్పండి?

ఆ ఎల్మోనే తర్వాత షోని సగం ఆక్రమించాడు. చూసే పిల్లల వయసు తగ్గుతూ వచ్చింది కాబట్టి 1998లో ఎపిసోడు చివర్లో అతనికంటూ ఒక భాగం పెట్టారు. పాత అభిమానులకు ఒళ్లుమండింది. నాకూ కాస్త మండింది, కానీ రెండేళ్ల పిల్లాడి ముందు మన గోల ఎవరు వింటారు?

నిజంగా నచ్చనిది 2016 నాటి మార్పు. డీవీడీల ఆదాయం పడిపోయి, డబ్బు కట్టి చూసే ఛానెల్ హెచ్‌బీఓతో ఒప్పందం చేసుకున్నారు. గంట ఎపిసోడు అరగంటయింది. కొత్త ఎపిసోడ్లు అక్కడ ముందు, ఉచితంగా వచ్చే పీబీఎస్ ఛానెల్‌లో తొమ్మిది నెలల తర్వాత. పేదింటి పిల్లలు బడికి వెళ్లేలోపు వెనకబడకూడదని పుట్టిన షో అండీ ఇది! 2025లో నెట్‌ఫ్లిక్స్‌తో కొత్త ఒప్పందం కుదిరింది. కొత్త ఎపిసోడ్లు పీబీఎస్‌లోనూ అదే రోజు వస్తాయి. ఆ తొమ్మిది నెలల ఎదురుచూపు లేదిక.