పీహెచ్‌డీలో చేరే ముందు గైడ్‌ని ఏం అడగాలి?

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, కెమిస్ట్రీ విభాగాధిపతి గారికి, నాకు పాఠాలు చెప్పిన గురువులకు, ఎమ్మెస్సీ విద్యార్థులకు నమస్కారం. పీహెచ్‌డీ చేస్తే అవకాశాలెలా ఉంటాయో చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఫెలోషిప్ సంగతి, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు సంగతి మాట్లాడనివ్వండి.

సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్, అంటే సీనియర్ రీసెర్చ్ ఫెలో అయ్యాక 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి ఇవీ రేట్లు. కాగితం మీద బాగానే ఉంది. నేను పీహెచ్‌డీ స్కాలర్‌గా ఉన్నప్పుడు నెలల తరబడి ఆ డబ్బు వచ్చేది కాదు. ఆఫీసులో అడిగితే బిల్లు పైకి పంపామనేవారు. పైన అడిగితే కింది నుంచి ఏదో సర్టిఫికెట్ రాలేదనేవారు. మెస్ బిల్లు కోసం నాన్నకు ఫోన్ చేయాల్సి వచ్చేది. ఆయనేమో పంట అమ్మిన డబ్బుతో అప్పులు తీర్చుకునే మనిషి. పైగా ఊళ్లో అందరూ "అమ్మాయి ఇంకా చదువుతూనే ఉందా?" అని అడిగేవారు.

గురువులారా, ఫెలోషిప్ స్కాలర్ పనికి వచ్చే జీతం. ఆలస్యమైతే పిల్లల్ని ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిప్పకండి. మీరు ఒక్కసారి వెంట వెళ్తే ఫైలు కదులుతుంది.

సరే, ఉద్యోగాలు. పీహెచ్‌డీ అంటే లెక్చరర్ పోస్టే అనుకుంటారు మన ఇళ్లలో. 2023 జులైలో యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్, సెట్, స్లెట్ అనే అర్హత పరీక్షల్లో ఏదో ఒకటి చాలంది. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. మన యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ, డాక్టరేట్ ఉండి కూడా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నవాళ్లు మీకూ తెలుసు.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్క్ అనే హార్వర్డ్ శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించారు. 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ. అంత పని చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. మన ఊళ్లలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర ఆయన నడిపిన ఆ ల్యాబుల నుంచే వచ్చింది! కంపెనీకి వెళ్తే సైన్స్ వదిలేసినట్టేనని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. నేనూ మందుల కంపెనీలో ప్రాసెస్ ఆర్ అండ్ డీలోనే, అంటే మందు తయారీ పద్ధతుల మీద పరిశోధన చేసే విభాగంలోనే పనిచేస్తున్నాను.

అలాగని అందర్నీ చేరిపొమ్మనను. మా దగ్గర చాలా పనులకు ఎమ్మెస్సీ సరిపోతుంది. మీరు థీసిస్ రాసే అయిదేళ్లలో మీ క్లాస్‌మేట్‌కు అయిదేళ్ల అనుభవం వస్తుంది. ఒక మందును తయారుచేసే కొత్త రియాక్షన్ రూట్ మీరే ఆలోచించాలన్న తపన, అది పదిసార్లు పాడైనా మళ్లీ ఫ్లాస్క్ పెట్టే ఓపిక ఉంటేనే రండి.

చేరే ముందు గైడ్‌ని, అంటే మీ పరిశోధనను నడిపించబోయే ప్రొఫెసర్‌ని తప్పకుండా అడగండి: "సార్, మీ దగ్గర చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఎన్నేళ్లు పట్టింది? మధ్యలో ఎవరైనా మానేశారా?" మర్యాదగానే అడగండి. తర్వాత ఆయన లేనప్పుడు క్యాంటీన్‌లో ఆ ల్యాబ్ స్కాలర్లను కూర్చోబెట్టి ఇదే అడగండి. రెండు జవాబులూ కలవకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

విభాగాధిపతి గారూ, ఆ ప్రశ్న అడగడానికి పిల్లలు భయపడతారు. మీ విభాగంలో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇవాళ ఎక్కడ, ఏ ఉద్యోగంలో ఉన్నారో నోటీసు బోర్డు మీద పెట్టించండి. కాంట్రాక్టు వాళ్ల వివరాలు, ఉద్యోగం దొరకనివాళ్ల వివరాలు కూడా అందులో ఉండాలి. వచ్చే అడ్మిషన్ల లోపు పెట్టించండి సార్.